మడమ చప్పుడు

బ్రాడ్‌ఫోర్డ్‌లో మూతపడ్డ ఉన్ని మిల్లు కింద
కిటికీ లేని గది నాది.
తెర మీద ఎవరు నడిచినా
ఇక్కడ నొప్పెట్టేది నా కాళ్లే.

మంచులో నడక, ఓ సంచెడు మొక్కజొన్న పిండి.
పావురం రెక్కలు, పాత తోలు చేతితొడుగులు.
విరిగిన ఎముక, శనివారం సంతలో
పౌనుకి కట్ట చొప్పున దొరికే సెలరీ కాడ.
ఇరవై రెండేళ్లుగా అబద్ధాలు వండుతున్నాను,
ఉప్పు తక్కువైందని ఒక్కరూ అనలేదు.

ఈ సినిమాలో ఒకడున్నాడు.
వానలో గొడుగు ముడుచుకుంటూ వచ్చి
ఎడ్నా అనే ముసలావిడ ఇంట్లో పై గది అద్దెకి తీసుకుంటాడు.
ఆమె మందుబిళ్లలు లెక్కపెట్టి ఇస్తాడు,
ఆమె పిల్లికి చేపముళ్లు ఏరి పెడతాడు,
గంట తిరిగేలోగా
ఆమె సంతకం ఆమెకన్నా బాగా పెడతాడు.

డైరెక్టరు కుర్రవాడు. గోళ్లు కొరుకుతూ అన్నాడు:
"మెట్లెక్కే చప్పుడులోనే వాడు మంచివాడనిపించాలి.
మొహాల్ని ఎవరు నమ్ముతారు ఇప్పుడు?"

ఏడు జతలు తొడిగి చూశాను.
ఒకటి దొంగలా నక్కింది, ఒకటి పోలీసులా దబాయించింది.
చివరికి బీరువా అడుగునుంచి
క్లైవ్ వదిలేసిపోయిన గోధుమరంగు బూట్లు తీశాను.

క్లైవ్ ఈ గదికి సగం యజమాని.
పదకొండేళ్లు ఒకే కెటిల్, ఒకే బ్యాంకు ఖాతా.
నాకు జ్వరమొస్తే ఫ్లాస్కులో సూపు పోసుకొచ్చి
మెట్ల మీదనుంచే దగ్గేవాడు, నేను ఉలిక్కిపడకుండా.
నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు
ఒక మంగళవారం ఖాతాలో నాలుగు పౌన్లు మిగిలాయి.
పద్దెనిమిది పెన్నీలు కూడా.
వెళ్లిన అలికిడైనా వినలేదు,
చెవులమ్ముకుని బతికేదాన్ని.

ఆ బూట్లలో గుడ్డలు కుక్కి తొడిగాను.
మడమ మొత్తం ఆనుతుంది, తొందర లేదు,
నాలుగో మెట్టు దగ్గర చిన్న ఆగుడు,
చేతిలో టీ ఒలక్కుండా చూసుకునేవాడి ఆగుడు.
మైకు ముందు చెక్కమెట్టు మీద
పద్నాలుగు సార్లు ఎక్కాను క్లైవ్‌నై.
డైరెక్టరు కళ్లు మూసుకుని "వీడే" అన్నాడు.

మొదటి ఆట. గురువారం, సగం ఖాళీ హాలు.
నా ముందు వరసలో ఒకావిడ, ఒళ్లో తడికోటు,
పక్కావిడతో గుసగుసగా:
"పాపం, ఆ పైగది అబ్బాయి మంచోడే.
ఆ మేనల్లుడి మీదే నా అనుమానం."
తెర మీద వాడు మెట్లెక్కుతున్నాడు.
నా కాళ్లతో.

ఆవిడ భుజం తట్టి చెప్పేద్దామనుకున్నాను.
ఎవరో పాప్‌కార్న్ నములుతున్నారు,
హాలంతటికీ నిజమైన చప్పుడు అదొక్కటే.
చెప్పలేదు.

నాలుగో మెట్టు.
వాడు ఆగాడు.
ముందు వరసలో ఆవిడ మెత్తగా నవ్వింది.
సిగ్గులేకుండా, ఇంతదాకా వచ్చాక కూడా,
లేచి వెళ్లి
తలుపు తీయాలనిపించింది నాకు.