బండి లాగేవాడు లేని ఆట

పుట్టినరోజుకి పట్టుబట్టి కొనిపించుకుంది యూలే ఆ డబ్బా.
టీవీ కింద కూర్చుని పిల్లిలా గుర్రుమంటుంది.
"తాతా, ఇది నీ రోడ్డే, చూడు" అని
కంట్రోలర్ నా చేతుల్లో పెట్టింది.
ముప్పై ఒక్క ఏళ్లు ఐఫెల్ కొండల్లో
పగిలిన కార్లకి కొక్కెం తగిలించి లాగిన చేతులు
ఆ చిట్టి గుండీల మీద
ఏం చెయ్యాలో తెలీక కూర్చున్నాయి.

మొదటి మలుపులోనే నోరు తెరిచాను.
ఎవరయ్యా ఈ రోడ్డుని ఇంత ఓపిగ్గా కొలిచింది?
వంతెన దాటగానే ఎడమ చక్రం కింద
అరచెయ్యంత గుంట.
ఉంది.
పాత తారూ కొత్త తారూ అతుక్కున్న చోట
స్టీరింగు ఒక్కసారి దగ్గినట్టు అదరడం.
అదీ ఉంది, అరచేతుల్లో సన్నగా.
బీచ్ చెట్ల నీడలో మధ్యాహ్నం దాకా ఆరని తడి.
మిట్ట ఎక్కి దిగేటప్పుడు కడుపు జారే క్షణం,
సోఫాలో ఉన్న నా కడుపూ జారింది.
చేసినవాడు కనిపిస్తే
నా డబ్బుతో బీరు పోయిస్తాను.

ఇంజను మాట చెప్పనక్కర్లేదు.
వెండిరంగు ఆరు సిలిండర్ల బండి
మూడో గేరులో గొంతెత్తితే
కళ్లు మూసుకుని విన్నాను.
"గోడ, తాతా, గోడ!"

గుద్దాను. నూట ఎనభైలో.
కారు బంతిలా ఎగిరి, గింగిరాలు తిరిగి,
బుద్ధిగా రోడ్డు మీదికే వచ్చి నించుంది.
బంపరు మీద గీత,
పిల్లి గోకినంత.
కంచె చెక్కుచెదరలేదు.

అక్కణ్ణించి మొదలైంది నాకు పేచీ.
రేడియేటరు పగిలి వేడినీళ్లు గడ్డిలో కారితే
వచ్చే ఆ తియ్యటి వాసన ఏదీ?
గుద్దుకున్నాక ఒక నిశ్శబ్దం ఉంటుంది,
ఎక్కడో ఫ్యాను ఒక్కటే గరగరమంటూ.
అదేదీ?
బావమరిది కారు అడిగి తెచ్చుకున్న పళ్ల డాక్టరు ఏడీ,
చెట్టుకి చుట్టుకున్న ఆ కారు పక్కన
ఒంటికాలి బూటుతో నించున్నవాడు?
నా లారీలో డార్ట్‌మండ్ దాకా నోరు విప్పలేదు.
దిగేటప్పుడు మాత్రం అన్నాడు:
"రోడ్డు చాలా బాగుందండీ."

ఈ ఆటలో పొగమంచు
అడిగితేనే వస్తుంది, పొమ్మంటే పోతుంది.
మా ఊళ్లో అది ఎవరి మాటా వినదు.
మిగతా పదకొండు కార్లూ ఒకే దారానికి గుచ్చినట్టు పోతాయి.
వాటికి భయం లేదు, కోపం లేదు.
వెనక నించి పొడిచి, సారీ కూడా చెప్పవు.
గట్టు మీద జనమంతా ఒకే నలుగురు,
చొక్కాలు మార్చుకుని.
కొత్త కారు కావాలంటే నాణేలు,
నాణేలు కావాలంటే అదే పందెం నలభైసార్లు.
దీన్ని ఆట అంటారా? ఫ్యాక్టరీ షిఫ్టు అంటారు.

అప్పుడు యూలే ఇంకో గుండీ చూపించింది.
నొక్కితే కాలం వెనక్కి నడుస్తుంది:
కారు గోడలోంచి ఊడి వస్తుంది,
గీత చెరిగిపోతుంది,
మలుపు మళ్లీ ముందుంటుంది.
"పది సెకన్లే తాతా, అంతకంటే పోదు."
పది!
అక్కడ చాలామందికి
రెండు చాలేవి.

ఆమె నిద్రపోయాక మళ్లీ పెట్టాను.
వంతెన పక్కన, నా లారీ ఆపుకునే చోటే
వెండి బండిని ఆపాను.
ఆట ఊరుకోదు,
తెర మీద ఎర్రగా అరుస్తూనే ఉంది, కదులు, కదులు అని.
పదకొండు కార్లూ పోయాయి.
చుట్టు తిరిగి మళ్లీ పోయాయి.
ఒక్కటీ ఆగలేదు, ఒక్కటీ విరగలేదు,
తెల్లారేదాకా కూర్చున్నా
ఎవరికీ నాతో పని పడదు.

ఆ లోపం ఒక్కటీ
బాగుచెయ్యొద్దని చెప్పండి వాడికి.

ఇంకోటి,
ఆ కంచె స్తంభాలు బూడిదరంగువి.
ఆకుపచ్చ వేశాడు.