ఊక

యెల్ దీవికీ అవతలి ఒడ్డుకీ మధ్య
గాలి యాభై నాట్లు దాటింది. ఫెర్రీ కట్టేశారు.
ఇంజను గది మనిషికి సెలవంటే
వినడానికి ఏమీ లేకపోవడం.

అబర్డీన్ ఓడలో వచ్చి
మూడు వారాలుగా మూలన కూచున్న బస్తా
ఇవాళ మూతి విప్పాను.
ఒక గింజ కొరికాను. పటుక్కున విరిగి
నాలుక మీద బిస్కెట్టు పొడి అయింది.
ఇన్నాళ్లూ డబ్బాలో పాకం కొని, వేణ్ణీళ్లు కలిపి
బీరు చేశానని చెప్పుకున్న నోరు
కాసేపు మాట్లాడలేదు.

మర గింజని మరీ మెత్తగా ఆడించింది.
మర చెయ్యి తిప్పింది నేనే.
అరవై ఏడు డిగ్రీలు, ఒక గంట, అని గోడకి అంటించాను
ముప్పై ఏళ్లు ఆయిలు వేడి రాసుకున్న అక్షరాలతో.
చేపలు పెట్టే ఐసు పెట్టెలో
నీళ్లు, నలిగిన బార్లీ, చెక్క గరిటె.
గంజి వాసన మెట్లెక్కి వెళ్లి
పక్క బట్టల్లోకి దూరింది.

గంట అయింది. కుళాయి తిప్పాను.
చెంబెడు తీపి కారి
ఆగిపోయింది.

ఇంకా తిప్పాను. తిట్టాను. గొట్టంలో ఊదాను.
పెట్టెలో ఒక్క బుడగ పైకొచ్చి
నన్ను చూసి పగిలింది, అంతే.
ఎనిమిది వందల గుర్రాల ఇంజనులో
చమురు దారులు కళ్లు మూసుకుని విప్పగలను.
ఐదు కిలోల జావ నన్ను ఆపేసింది.

అప్పుడొచ్చింది ఓస్లా, తలుపు కొట్టకుండా,
గాలే నెట్టిందని సాకు చెబుతూ
పోయిన వారం కేకు పళ్లెం తిరిగివ్వడానికి.
ఎనభై మూడేళ్లు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు.
ఈనలేక తన్నుకుంటున్న గొర్రెని చూసినట్టు
పెట్టెలోకి వంగి చూసింది.
"పిండి చేసి పెట్టావు," అంది. "నీళ్లు నడవడానికి దారేదీ?"

వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాను.
వచ్చింది. కోటు కింద బకెట్టు నిండా
ఓట్ల ఊక.
"కొత్తదే," అంది, నేను అడక్కముందే.

తిండికి పనికిరానిది, చాటలో చెరిగితే
ముందుగా ఎగిరిపోయేది.
మోచేతుల దాకా ముంచి ఇద్దరం కలిపాం.
అది ఎక్కడికక్కడ అడ్డంగా పడుకుని
మెతుకుకీ మెతుకుకీ మధ్య సందు ఇచ్చింది.
కుళాయి ముందు దగ్గింది.
తర్వాత దారం, తర్వాత చిటికెన వేలంత ధార,
ముదురు తేనె రంగులో,
ఆగకుండా.

ఓస్లా గ్లాసు పట్టి వేడివేడిగా తాగింది.
"మా అమ్మమ్మ క్రిస్మస్‌కి కాచేది," అంది.
ఎలా కాచేదని అడిగితే
"నన్ను బయటికి పొమ్మనేది," అంది.
ఆ ఇంటి విద్యలో ఇంకేమీ మిగల్లేదు,
ఊక తప్ప.

పొయ్యి మీద ఒకసారి పొంగింది, ఆ మచ్చ పోలేదు.
హాప్ పూలు పడ్డాక ఇల్లంతా చేదు పచ్చిక.
మూత మీద రాయి పెట్టి కుండని గడపవతల చల్లార్చాను:
ఆ గాలి చేసిన ఒకే మంచి పని.
గాజు పుల్ల యాభై చూపాల్సింది, ముప్పై ఎనిమిది చూపింది.
రాశాను. దిద్దలేదు.
ఈస్టు చల్లాను, పాలకి తోడు వేసినట్టు,
ఇక నా చేతిలో ఏమీ లేదని తెలిసి.

రాత్రి మూడింటికి మెలకువ. గాలి పడిపోయింది.
మెట్ల కింద చీకట్లో డబ్బాకి చెవి ఆనించాను.
చాలాసేపు నా రక్తమే వినిపించింది.
తర్వాత నీళ్ల బిరడాలో
ఒక్కటి.
నలభై లెక్కపెట్టాను. ఇంకొకటి. ముప్పై ఆరు.
వరస పట్టలేదింకా,
చలికి మొరాయించి అప్పుడే అంటుకున్న ఇంజను.

ఆరున్నరకి ఫోను. ఫెర్రీ వాళ్లనుకున్నాను.
"కదిలిందా?" అంది ఓస్లా.
"కదిలింది."
"అయితే బకెట్టు పట్రా, దాంతో పాటు ఏదైనా గడ్డి.
నా కోళ్లు రాత్రంతా వట్టి చెక్క మీద నిలబడ్డాయి."