మైనం తప్పు

ఆదివారం పొద్దున్నే గ్యారేజీలో
ఇల్క స్కీలకు మైనం రుద్దుతుంటాడు.
మైనస్ నాలుగైతే నీలం, పది దాటితే ఆకుపచ్చ,
మంచు తడిసి ముద్దైన రోజున ఎర్రటి జిగురు.
ఆ వేళ్లు
చంటిబిడ్డకు నలుగు పెట్టే వేళ్లు.

కుహ్మో అడవిలో మా ఇద్దరిదీ ఒకటే బాట.
అతనికి యాభై ఆరు.
నాకు యాభై మూడు, ఉండాల్సినదానికన్నా ఎనిమిది కిలోలు ఎక్కువ.
ముప్పై ఏళ్లుగా అతని వీపు చూస్తూ వెళ్లాను,
ఆ నల్లటోపీయే నాకు దారిగుర్తు.
కదలకుండా కూర్చుంటే అతని నాడి నలభై ఆరు.
ఆ అంకె అందరికీ చెబుతాడు,
కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్‌కి కూడా.

వాళ్ల నాన్న యాభై ఒకటో ఏట
కట్టెలు కొడుతూ కొడుతూ ఆగిపోయాడు.
గొడ్డలి దుంగలోనే ఉండిపోయింది,
మంచు కరిగేదాకా ఎవరూ పీకలేదు.
"ఆయన రొట్టె కన్నా మందంగా వెన్న రాసుకునేవాడు,
రోజుకు రెండు పెట్టెలు కాల్చేవాడు,
నేను ఆయన్ని కాను" అంటాడు ఇల్క.
నిజమే, కాదు.
ముక్కు మాత్రం ఆయనదే.

పోయిన జనవరిలో, మొట్టమొదటిసారి,
జింకమెడ ఎక్కుడులో నేనతన్ని అందుకున్నాను.
"మైనం తప్పు" అన్నాడు.
మరుసటి వారం గడియారం చూసుకుని, నలభై సెకన్లు ఆలస్యం,
"మైనమే" అన్నాడు. మూడు కొత్త డబ్బాలు కొన్నాడు.
గొంతులో మంట చలిగాలి వల్ల.
ఎడమ దవడ లాగుడు పాత పన్ను వల్ల.
పది నిమిషాలు గడిస్తే అదే సర్దుకుంటుంది కదా,
ఇంజన్ వేడెక్కాలి, అంతే.

నేను స్కూలు బస్సు నడుపుతాను.
వెనక సీట్లో పిల్లాడు ఏడవబోతున్నాడని
అద్దంలో చూడకుండానే తెలుస్తుంది.
ఇది తెలియడానికి మూడు ఆదివారాలు పట్టింది:
జింకమెడ సగంలో, పిడుగుకు చీలిన పైన్ చెట్టు దగ్గర
అతని బూటు పట్టీ ఊడుతుంది.
ఒక వారం వంగి బిగించాడు.
ఇంకో వారం వంగి బిగించాడు.
మూడోసారి వంగినప్పుడు నేను పక్కనే ఉన్నాను.
పట్టీ బిగుతుగానే ఉంది.
వేళ్లు దాని మీద ఊరికే కదులుతున్నాయి.
మైనస్ పదకొండులో
నుదుటి నిండా చెమట.

"ఇల్కా, ఒకే చెట్టు దగ్గర మూడుసార్లు ఊడేది
పట్టీ కాదు."
"ముందు నీ ఎనిమిది కిలోల సంగతి చూసుకో ఔతీ."
నేనూ ఒక మాట అన్నాను, గొడ్డలి గురించి.
అనకూడనిది.
చెరో బాటన ఇంటికొచ్చాం.

అయినా వెళ్లాడు.
కయాని ఆసుపత్రిలో తెర మీద చూపించారట:
నల్లటి కొమ్మల్లో తెల్లటి రవ్వలు,
పాత కెటిల్ అడుగున పేరుకున్న సున్నంలాగా.
ఒకచోట దారి దారమంత.
"నేను వారానికి తొంభై కిలోమీటర్లు..." అన్నాడట,
రసీదు చూపించి డబ్బు వెనక్కి అడిగేవాడిలా.
ఆ డాక్టరమ్మకు ముప్పై కూడా ఉండవు.
"అందుకే ఇన్నాళ్లు దాగింది" అందట,
"గట్టి గుండె తన కష్టం చెప్పుకోదు."
పొగిడిందో తిట్టిందో తేలక
ఆ మాట నాకు చెప్పి నవ్వాడు.

ఏప్రిల్‌లో ఛాతీ తెరిచారు.
కాలిలోంచి ఓ నరం తీసి గుండెకు కుట్టారు.
"ముప్పై ఏళ్లు నన్ను కొండెక్కించిన కాలు,
దానికింకా సెలవు దొరకలేదు" అంటాడు,
పిక్క మీద మచ్చ చూపిస్తూ.

మళ్లీ మంచు పడింది.
గడియారం గ్యారేజీ మేకుకు వేలాడుతోంది.
మైనం మాత్రం మానలేదు,
నా స్కీలకు కూడా అతనే రుద్దుతున్నాడు.
ఇప్పుడు ముందు నేను, వెనక అతను.
నా వీపు చూస్తూ రావడం అలవాటు కావాలి, పాపం.

చీలిన పైన్ దగ్గర ఆగుతాను.
వంగి, ఊడని పట్టీని బిగిస్తాను.
వెనక అతని ఊపిరి వినిపిస్తుంది,
అది దగ్గరయ్యేదాకా బిగిస్తూనే ఉంటాను.
"మైనం తప్పా?" అంటాడు.
"అవును" అంటాను.