రెండు షీట్ల మధ్య

డాబాగార్డెన్స్‌లో ఇంటి ప్లాన్లు తీసే పెద్ద స్కానరు.
దాని మీద బోర్లా పడుకోబెట్టాం
దాలినాయుడు గారి సర్వే పటాన్ని.
వెనక గుడ్డ అతికించిన పాత కాగితం.
హుద్‌హుద్ రాత్రి బీరువాతో పాటే తడిసి
ఒక మూల ఉబ్బింది, నానిన అప్పడంలా.
"మడతలు జాగ్రత్త నాయనా" అని
కుర్రాడితో మూడుసార్లు అన్నారాయన.
నాలుగోసారి నేనన్నాను.

ఇంటికొచ్చి బొమ్మని భూమికి కుట్టాలి.
అందుకు నాలుగు చోట్లు కావాలి,
అప్పుడూ ఇప్పుడూ కదలనివి.
డాల్ఫిన్స్ నోస్ కొస.
సింహాచలం కొండ మీద సర్వే త్రికోణం.
కొత్తవలస స్టేషను.
నాలుగోదానికి ఆయన కళ్ళద్దాలు నుదుటికెత్తి
భీమిలి దగ్గర ఏటి మొగ మీద వేలు పెట్టారు.
పెట్టాను.

తెల్లవారుజామున రుషికొండ దగ్గర టీ తాగుతుంటే
ఫోనులో మా జీపు సముద్రంలో ఉంది.
చుట్టూ నీలం రంగు, లోతు అంకెలు కూడా లేవు.
"అయితే నేను మునిగిపోయినట్టేనా" అని
ఆయన ఇంకో బిస్కెట్ ముంచుకున్నారు.
ఏటి మొగ ఏడాదికో చోట తెరుచుకుంటుందని
ఇద్దరం మరిచిపోయాం.
దాన్ని పీకేసి
భీమిలి డచ్చివాళ్ళ సమాధుల్ని పెట్టాను.
వాళ్ళు కదలరు.
చుక్క ఒక్కసారి తుళ్ళి
రోడ్డెక్కింది.

ఎన్ఏడీ దగ్గర అరగంట ఆగాం.
ముందు సిటీ బస్సు, వెనక గ్యాసు లారీ,
నెత్తి మీద ఫ్లైఓవరు.
పటంలో మాత్రం
జీడిమామిడి తోటలో నిలబడి ఉన్నాం.
ఎవరూ లేరు. ఒక బావి, ఒక బండిదారి.
హారన్ల మధ్య ఆయన అద్దం దించి
తల బయట పెట్టి ఎందుకో గాలి పీల్చారు.
డీజిలు వాసనే వచ్చుంటుంది.
అడగలేదు నేను.

లక్కవరపుకోట దాటుతుంటే కాగితం అయిపోయింది.
పద్దెనిమిదో అక్షాంశం.
పై షీటు ఉంది, దాన్నీ స్కాన్ చేయించాం,
కానీ అంచు కత్తిరించేటప్పుడు
నా చెయ్యి రెండు వేళ్ళ మందం ఎక్కువ తిన్నది.
రెండు వేళ్ళంటే నేల మీద కిలోమీటరు పైనే.
ఆ తెలుపులో చుక్క ఒంటరిగా పోతోంది,
పాలలో పడ్డ చీమలా.
నేను బ్రేకు మీద కాలు పెట్టాను.
"పోనీ బాబూ.
ఎడం పక్క తాటితోపు. కల్లాలు.
కల్వర్టు దాటాక కుడికి చిన్న మలుపు."
తాటితోపు వచ్చింది.
కల్లాల్లో సెల్ టవరు నిలబడింది.
మలుపు మాత్రం ఆయన చెప్పినంత చిన్నగానే ఉంది.

ఘాటీలో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే చచ్చాయి.
చుక్క బతికే ఉంది.
దాని చుట్టూ గోధుమరంగు గీతలు
వేలిముద్రల్లా ఒత్తుకుంటున్నాయి.
ఏమీ లేని ఆకుపచ్చలోంచి
కూత పెట్టుకుంటూ రైలొచ్చింది.
పటానికి సొరంగాలు తెలీవు.
అది గీసేనాటికి కొండకింకా కన్నాలు పడలేదు.

అనంతగిరి దాటాక ఒక చుక్కలబాట.
పటం ప్రకారం పైకి పోవాలి.
కాఫీ తోట గట్టు మీద గెమ్మెలి బుద్రి
మా ఫోనుకేసి, మాకేసి చూసింది.
"ఆ తోవనా? కొండ జారి ఎప్పుడో మింగేసింది."
తరవాత వంగి అడిగింది:
"మా ఊట ఎక్కడుంది ఇందులో?"
వెతికాం. రెండు వేళ్ళతో పెద్దది చేసి వెతికాం.
పిక్సెళ్ళు ఇటుకల్లా విడిపోయేదాకా వెతికాం.
"ఊట లేదా? మరి దీంతో ఎలా తిరుగుతారు?"

చూపించింది. రాతి పగులు, వెదురు దోనె,
పళ్ళు జివ్వుమనే నీళ్ళు.
దాలినాయుడు గారు జీపు బానెట్ మీద
అసలు కాగితాన్ని పరిచారు.
నలభై ఏళ్ళు సర్వే ఆఫీసులో ఇంకు గీతలు గీసిన చెయ్యి
వణుకుతోంది, నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని
నీలం పెన్సిలుతో ఒక చుక్క పెట్టారు.
పేరేంటని అడిగితే బుద్రి నవ్వింది.
ఊటకి పేరేంటి.
"ఊట" అనే రాశారు.

ఇప్పుడు కాగితానికి తెలుసు,
ఫోనుకి తెలీదు.
సోమవారం మళ్ళీ డాబాగార్డెన్స్ వెళ్ళాలి.