రెండో వరుస

ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదని
సార్సెన్‌బాయ్ తాత ఎవరికీ చెప్పడు.
బూటు కింద ఉప్పు పెళుక్కుమన్నప్పుడు మాత్రం
ఒక్క క్షణం ఆగి, కాలు తీసి పక్కన వేస్తాడు
నిద్రపోతున్న చుట్టాన్ని తొక్కినట్టు.

మొయ్‌నాక్ దాటాక, సాక్సావుల్ పొదల వెనక
మాకు మూడు వరుసల అతిమధురం ఉంది.
పేరుకే అతిమధురం.
ఆ మట్టి నాలుక మీద పెట్టుకుంటే
ముందు ఉప్పు, తర్వాతా ఉప్పే, ఆఖర్న చేదు.

మొదటి వరుస విత్తనాలకి బాక్టీరియా పట్టించాను.
మూడో వరుసకి బస్తా ఎరువు.
రెండోదానికి ఏమీ లేదు.

ఆ బాక్టీరియా ఎక్కడివో కావు.
పడవలు తుప్పుపట్టిన చోట, ఎవరూ నీళ్ళు పోయకుండానే
ఉప్పు తిని బతికిన ఒక అడవి మొక్క,
దాని వేళ్ళు కడిగిన నీళ్ళలోంచి
నూకుస్ ల్యాబ్‌లో ప్లేటు మీద
పాలచుక్కల్లా లేచాయి.
పేర్లు పెట్టలేదు, నంబర్లే.
పదిహేడు మంచిది.
ఇరవై రెండు మొండిది, నాకు అదే ఇష్టం.

"ఏం చేస్తాయివి?" అన్నాడు తాత, పారకి గడ్డం ఆనించి.
చెప్పాను.
ఉప్పు దాహానికి మొక్క లోలోపల కేక పెడుతుంది,
తన కేకకి తనే బెదిరి ఎదగడం మానేస్తుంది.
ఇవి వేరు పక్కన చేరి ఆ కేకని కొరుక్కుతింటాయి.
కొన్ని బొడిపెల్లో కాపురం పెట్టి గాలిని వండి పెడతాయి.
ఇంకొన్ని ఊరికే గిల్లుతాయి.
దొంగలు పడ్డారనుకుని మొక్క గబగబా మందు నూరుకుంటుంది;
గొంతు నొప్పికి మనం నమిలేది ఆ కంగారునే.

"ఎన్నుంటాయి?"
"చెంచాడు మట్టిలో, ఈ దేశంలో మనుషులకన్నా ఎక్కువ."
కాసేపు లెక్కేసుకున్నాడు.
"వలకి దొరకవు" అన్నాడు.

జులైలో రెండో వరుస ఆకులు అంచుల్నించి మాడాయి.
"దీనికెందుకు పెట్టలేదు అర్జయిమ్?"
"పోలిక కోసం తాతా."
"ఒకే పంక్తిలో కూర్చోబెట్టి
ఒకడికి వడ్డించి, ఒకడికి ఖాళీ పళ్ళెం పెడితే
దాన్ని పోలిక అంటారా?"
నవ్వేశాను. టేపు పట్టుకుని ఎత్తులు కొలిచాను.

మూడో ఏడు, అక్టోబరు.
మొదటి వరుస తవ్వితే వేళ్ళు బొటనవేలి లావు.
మూడో వరుస, చిటికెన వేలు.
రెండోది పీచులా వస్తుందని సంచి చిన్నది తెచ్చాను.
వేరు బయటికి రావడానికి ఇద్దరం లాగాల్సొచ్చింది.
బొడిపె గిల్లి చూస్తే లోపల గులాబిరంగు,
ప్రాణమున్న రంగు.
కొరికాను.
తీపి.
నోరంతా తీపి, కడుపంతా మంట.

అప్పటికే తాత టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.
"నేనే. మొదటేడు ఆగస్టులో. రాత్రి కాదు, పట్టపగలే.
నువ్వు నూకుస్ వెళ్ళిన రోజు.
మొదటి వరుస కాళ్ళ దగ్గరి మట్టి
దోసెడు దోసెడు మోశాను.
పడవలో పడ్డ చేప అందరిదీ.
లెక్క సరిపోవాలని ఒకడిని పస్తుంచడం
సముద్రమున్న రోజుల్లో మాకు తెలీదు."

ఆయన నోట సముద్రం అన్న మాట వినడం అదే మొదలు.

మూడేళ్ళు. గ్రాంటు డబ్బు. తాష్కెంట్‌కి పంపాల్సిన రిపోర్టు.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాల్సిందేనని
అనబోయి ఆయన చేతులు చూశాను.
గోళ్ళ సందుల్లో మట్టి.
అందులో ఎంతమంది ఉన్నారో!
పదిహేడులు, ఇరవై రెండులు,
ఇంకా నంబరు పడనివాళ్ళు.

నోటుబుక్కు తీసి రాశాను.
రెండో వరుస: లెక్కలోకి రాదు.
కారణం: బాక్టీరియా పక్క వరుసకి పాకింది.
పాకిన దారి అన్న గడిలో
గాలి అని రాసి కొట్టేశాను,
నీరు అని రాసి కొట్టేశాను,
అరచేయి అని రాశాను.

"వచ్చే వసంతంలో మళ్ళీ మొదలుపెట్టాలి" అన్నాను.
ఆయన వేరుముక్క బుగ్గన పెట్టుకుని
చాలాసేపు నమిలాడు.
"పెట్టు. కాపలాకి మాత్రం
ఈసారి వేరేవాణ్ణి చూసుకో."