అరువు గొంతు

మొదటిసారి ఆయన నిలబడ్డప్పుడు
నాకు ఓటు లేదు, మీసం లేదు, గొంతుండింది.
వింజమూరు సెంటర్లో అద్దె జీపెక్కించి
కాళ్ల మధ్య బ్యాటరీ ఇరికించి
"ఒరే దస్తగిరీ, పేరు మధ్యలో ఆగి చెప్పరా,
ఉదయగిరి కొండకు తగిలి తిరిగి రావాల" అన్నారు.
వేలూరి పెంచల... నరసయ్య.
వేలూరి పెంచల... నరసయ్య.
గొడుగు గుర్తు.
కలిగిరి నుంచి కొండాపురం దాకా
ఎర్రదుమ్ము మింగుతా అరిచినా.
ఆయనకి డిపాజిట్టు పోయింది.
నాకు పదకొండు రూపాయలు, రెండు విక్స్ బిళ్లలు.

రెండోసారికి పార్టీ టిక్కెట్టు దొరికింది.
ఏ పార్టీనో చెప్పను,
ఆ పార్టీ వాళ్లు ఇంకా మా వీధిలోనే ఉండారు.
నెల్లూరులో లెక్కింపు. పన్నెండువేల మెజారిటీ.
తెల్లారేసరికి పెంచల నరసయ్య
ఎమ్మెల్యేగారైపోయినాడు.
బోర్లు వేయించినాడు, అబద్ధమెందుకు.
మూడు నెలలు నీళ్లు పడినయ్,
తర్వాత ఆ బోరింగు పిడికి మేకలు వీపు రుద్దుకునేవి.
కాలవ తెస్తానన్నాడు.
ఆ మాటా నా నోటితోనే అనిపించినాడు,
"మెట్టతల్లి దాహం తీర్చే మన ఇంటి బిడ్డ" అని.
కాలవ తవ్వినారు కూడా.
అందులో పిల్లకాయలు క్రికెట్టు ఆడేవాళ్లు,
బంతి పోతుందన్న భయం లేకుండా.

మూడోసారి ఓడిపోయినాడు.
బస్టాండులో ఎదుటివాళ్లు టపాకాయలు కాలుస్తా ఉంటే
డ్రైవరు సుబ్బరాయుడు లైట్లార్పి జీపు దాటించినాడు.
వెనక సీట్లోంచి చీకటి అడిగినట్టు అడిగినాడాయన:
"దస్తగిరీ, నా పేరు జనానికి
బాగానే వినపడిందంటావా?"
"వినపడింది సార్" అన్నా.
కావలి రోడ్డు దాకా ఇంకెవరూ మాట్లాడలా.

నాలుగోసారి కండువా మారింది.
జీపు అదే, నేనే, నా గొంతే.
నిన్నటిదాకా ఎవుర్ని దొంగలన్నానో
వాళ్లకి దండాలు చెప్పినా.
దుత్తలూరులో, మిట్టమధ్యాన్నం, వెయ్యిమంది ముందర
నాలిక జారి పాత గుర్తు చెప్పేసినా.
జీపు మీద చేతులెత్తి నిలబడ్డ మనిషి
చేతులు దించలా, నవ్వు చెరపలా,
పెదాలు కదపకుండా "చంపుతా" అన్నాడు.
మైకులో ఆ ఒక్క మాటే శుభ్రంగా పడింది.
జనం విరగబడి నవ్వినారు.
ఆ దఫా తొమ్మిదొందల ఓట్లతో గెలిచినాడు.
నావల్లే అంటా నేను. ఎవరూ ఒప్పుకోరు.

అయిదోసారి టిక్కెట్టు టిప్పర్లున్నాయనకి పోయింది.
ఈయన మళ్లా ఇండిపెండెంటు.
ఊరంతా ఫ్లెక్సీలు, డీజే బండ్లు,
పెన్‌డ్రైవ్‌లో యాడదో ఆడపిల్ల గొంతు,
ఆ పిల్లకి గొంతు బొంగురుపోదు, నాలిక జారదు.
మాకున్నది ఒక ఆటో, రెండు బాకాలు.
నా కూలీ ఇంకా బాకీ. అడగలా.
ఎన్ని ఓట్లొచ్చినయ్యో కూడా అడగలా.

పోయిన ఎలక్షన్లో బడికాడ వరసలో చూసినా ఆయన్ని.
గన్‌మ్యాన్ లేడు, కారు లేదు,
షుగరు కాలికి రబ్బరు చెప్పులు,
పక్షవాతానికి ఓ పక్కకు జరిగిన నోరు.
నాకు ముందు నలుగురు, వాళ్ల ముందు ఆయన.
లోపల బల్ల దగ్గర కొత్త కుర్రాడు,
ఏ ఊరి టీచరో, తలెత్తకుండా అడిగినాడు:
"పేరు?"
ఆయన నోరు తెరిచినాడు. గాలొచ్చింది.
"పేరు చెప్పండి తాతా."
మళ్లా గాలే.

నాకేమైందో తెలవదు.
గుమ్మంలోంచి, జీపు మీంచి చెప్పినట్టే,
వేలూరి పెంచల...
అని ఆగినా.
తిరిగి రావడానికి ఆ గదిలో కొండ లేదు.
బ్లాకుబోర్డు మీద పోలింగు నంబరు, కిటికీలో ఎండ.
...నరసయ్య, అన్నా, మెల్లిగా.

ఏజెంట్లు నా వంక చూసినారు.
కుర్రాడు స్కేలు కిందికి జరుపుకుంటా పోయి
"ఆ, ఉంది. నాలుగొందల పదిహేడు.
వేలు చాపండి" అన్నాడు.
ఆడోళ్ల వరసలోంచి ఎవరో ముసలమ్మ,
"గొడుగు గుర్తాయన గదూ,
అప్పుడు నేనేసినా" అంది.

ఎవరా అని వెనక్కి తిరిగినాడాయన.
సిరా పుల్ల పట్టుకొని కుర్రాడు,
చాపిన వేలు గాల్లో.