పైనుంచి గంట

వాల్పరాయిసోలో కొండ ఎక్కే పెట్టెబండిని
ముప్పై ఎనిమిదేళ్లు నడిపాడు బాల్తసార్ కిల్కెయ్.
ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది,
ఒకే తాడుకి రెండు కొసలు.
ఇప్పుడది మరమ్మతులో ఉంది.
నూట అరవై రెండు మెట్లు
రొప్పుకుంటూ ఎక్కుతాను నెలకోసారి,
బీపీ మిషను సంచిలో వేసుకుని.

పడుకోబెట్టి చూస్తే నూట నలభై ఎనిమిది.
లేవమంటాను.
లేస్తాడు, చటుక్కున,
బండి వేళ దాటిపోతున్నట్టు.
నిమిషం గడిచేసరికి నూట పద్దెనిమిది.
మంచం పట్టె కోసం చెయ్యి గాలిలో వెతుకుతుంది.
కళ్ల ముందు సముద్రపు పొగమంచు, అంటాడు.
మూడో నిమిషానికి నూట ముప్పై మూడు.
మంచు విడిపోతుంది.
"ఏమడిగావు, అమ్మాయ్?"
నేనేమీ అడగలేదు.

నాకు తెలిసింది కాస్తే:
లేచినప్పుడు నెత్తురు కాళ్లలోకి జారుతుంది.
పై స్టేషన్లో ఒంటరి ప్రయాణికుడిలా
మెదడు కాసేపు ఎదురుచూస్తుంది.
ఒకసారైతే సరే.
రోజుకి ఇరవైసార్లు, ఏళ్ల తరబడి,
ఓ రోజు ఎక్కువా ఓ రోజు తక్కువా ఊగుతుంటే
ఆ ఎదురుచూపులో ఏమేం రాలిపోతాయో!
డాక్టరమ్మ "సంబంధం ఉంది" అంటుంది,
"కారణం" అనదు.
ఆ రెండు మాటల మధ్య ఎంత దూరమో
దిగేటప్పుడు మెట్లతో లెక్కపెట్టుకుంటాను.

పోయిన నెల వంటింటి గుమ్మంలో నిలబడి
సొంత చెల్లెలు ఎర్మెలిందాని
టికెట్టు అడిగాడట.
ఆవిడ నవ్వలేదు.
ఉప్పు డబ్బాకి మూత పెట్టి
ఆప్రాన్ జేబులోంచి
ఓ నాణెం తీసి ఇచ్చింది.

నేను చెప్పేవి చిన్న మాటలు:
ముందు గ్లాసుడు నీళ్లు తాగు,
మంచం అంచున కూర్చో, మడమలు ఆడించు,
తొందరపడకు.
ఆయనకి కోపం వస్తుంది.
"నాకు చెబుతున్నావా?
పైనుంచి గంట రెండుసార్లు మోగందే
నేనెప్పుడైనా తాడు కదిపానా?"

ఈవేళ నేను చెప్పకముందే
అంచున కూర్చున్నాడు, ఖాళీ గ్లాసు పక్కన పెట్టి.
వేలి కణుపుతో మంచం పట్టె మీద
టక్, టక్.
తల కాస్త పైకెత్తి
చెవి ఒగ్గాడు.
నేనూ, గుమ్మంలో ఎర్మెలిందా
ఊపిరి బిగబట్టాం.

రేవులో ఏదో ఓడ కూత వేసింది.
"అది కాదు," అన్నాడు
కదలకుండా.